సిమెంటు కోర్టు

భోజన్న గల్ఫ్‌లోని ఫుజైరాకు వచ్చింది ఓడరేవు పనికి. రేవు గోడకు రాళ్ళు దింపే కంపెనీలో రెండేళ్ళు చేశాక ఆ పని పూర్తయి, కంపెనీ తట్టాబుట్టా సర్దుకుంది. అతనితో వచ్చిన కోరుట్ల వైపు మనుషులు కొందరు ఇంటిదారి పట్టారు, కొందరు షార్జా దగ్గర సజ్జాలో ఫ్యాక్టరీలకు పోయారు. భోజన్నకు మాత్రం ఫుజైరాలోనే ఒక స్పోర్ట్స్ క్లబ్బులో బాస్కెట్‌బాల్ కోర్టు ఊడ్చే పని దొరికింది.

కోర్టంటే చెక్క పరిచిన హాలు కాదు. కొండలకూ సముద్రానికీ నడుమ, ఆరుబయట సిమెంటు పోసి గీతలు గీసిన నేల. చుట్టూ మూడు వరసల మెట్లు, నాలుగు మూలలా దీపస్తంభాలు. మధ్యాహ్నమంతా కొట్టిన గాలికి దాని మీద సన్నటి ఇసుక పేరుకునేది. ఆటగాళ్ళు రాకముందే దాన్ని ఊడ్చి, తడిగుడ్డతో తుడవాలి. లేకపోతే జారి పడతారు.

ఒకరోజు ఒక ఆటగాడికి పిక్క పట్టేసి కింద పడి అరుస్తుంటే, భోజన్న చీపురు పక్కన పారేసి వెళ్ళి, కాలు ఒళ్ళో పెట్టుకుని రెండు నిమిషాల్లో సరిచేశాడు. వాళ్ళది మంగలి ఇల్లు. తండ్రి క్షవరంతో పాటు బెణుకులు సవరించేవాడు, విరిగిన ఎముకలకు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టేవాడు. చిన్నప్పటి నుంచీ ఆ పక్కన కూర్చున్నవాడు కాబట్టి భోజన్న చేతులకు అది తెలుసు. ఆ రోజు నుంచి ఊడ్చే పనితో పాటు మాలిష్ పని కూడా అతని మీదే పడింది. కోర్టు వెనక ఒక గదిలో చెక్కబల్ల వేసి, ఆవనూనె సీసా ఇచ్చారు. రెండు పనులూ ముగించి గదికి చేరేసరికి నడుము వంగేది కాదు.

ఎనభై ఐదు అక్టోబరులో క్లబ్ ముదీర్, అంటే మేనేజరు, ఒక అమెరికా ఆటగాణ్ణి తెప్పించాడు. అంతకు ముందు ఏడు జట్టు చివరి నుంచి రెండో స్థానంలో నిలిచింది. ఇంకొక్క మెట్టు దిగితే కింది డివిజన్‌కు పోవడమే. అందుకని ముదీర్ ఎవరెవరినో పట్టుకుని, ఇటలీలోనూ స్పెయిన్‌లోనూ జీతానికి ఆడిన లెస్టర్ అనే మనిషిని రప్పించాడు. తలుపులన్నిట్లోనూ వంగి రావలసినంత పొడుగు. ముప్పై మూడేళ్ళన్నారు. బజారులో ప్రతి బకాలా కొట్టు అద్దం మీదా అతని బొమ్మ అంటించారు. మొదటి ఆటకు మెట్ల మీద చోటు లేక జనం పికప్ బండ్ల మీద నిలబడి చూశారు.

మొదటి రెండు ఆటలూ లెస్టర్ బాగానే ఆడాడు. మూడో ఆట తర్వాత మాలిష్ గదిలోకి వచ్చి, తలుపు గడియ పెట్టి, కుడి మోకాలికి తొడిగిన రెండు పట్టీలూ విప్పాడు. భోజన్న చెయ్యి వేశాడు. చిప్ప చుట్టూ నీరు చేరి మెత్తగా ఊగుతోంది. కాలు మెల్లగా మడిచి చాపితే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు. అది ఈ నెలలో వచ్చిన నొప్పి కాదు. ఏళ్ళ నాటిది, అరిగిపోయిన కీలు.

భోజన్న తలెత్తి చూశాడు. లెస్టర్ తన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"నో ముదీర్," అన్నాడు. "నో కోచ్. ప్లీజ్."

కాలు పాడైందని తెలిస్తే ఈ క్లబ్బే కాదు, మరే దేశంలోనూ ఎవరూ అతన్ని పిలవరు. ఆ సంగతి భోజన్నకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. నడుంనొప్పి దాచుకుని రాళ్ళు మోసిన వాళ్ళను అతను ఎంతమందిని చూడలేదు! సరేనని తలూపాడు. మర్నాటి నుంచి చేపల మార్కెట్‌కు పోయి గోనెసంచిలో ఐసు తెచ్చేవాడు. చేపల వాసన కొట్టే ఆ ఐసును మోకాలి మీద పెట్టుకుని, లెస్టర్ గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఇద్దరికీ మాట్లాడుకునే భాష లేదు. మాట్లాడుకునే ఓపికా లేదు.

నవంబరు చివరికి లెస్టర్ ఆట పడిపోయింది. పరుగెత్తవలసిన చోట నడిచాడు, ఎగరవలసిన చోట చేతులు మాత్రం ఎత్తాడు. వరసగా నాలుగు ఆటలు ఓడారు. మెట్ల మీది జనం మొదట నవ్వారు, తర్వాత ఈలలు వేశారు, ఆ తర్వాత రావడం మానేశారు. లెస్టర్ సోమరి అనీ, డబ్బు కోసం వచ్చి నాటకమాడుతున్నాడనీ ముదీర్ అందరి ముందూ అన్నాడు. కోచ్ రమ్జీ ఈజిప్టువాడు, మెతక మనిషి. రోజూ సాయంత్రం మాలిష్ గది గుమ్మంలోకి వచ్చి, "ఇతని కాలు ఎలా ఉంది?" అని వచ్చీరాని హిందీలో అడిగేవాడు. భోజన్న నూనె చేతులు తుడుచుకుంటూ, "అచ్ఛా హై సాబ్" అనేవాడు.

డిసెంబరులో దుబాయ్ జట్టుతో ఆట. సగం ఆట కాగానే లెస్టర్ బెంచీ మీద కూలబడి, లేవనని చెయ్యి ఊపాడు. రమ్జీకి వేరే దారి లేక చివర కూర్చున్న ఖమీస్‌ను లేపాడు.

ఖమీస్ పన్నెండో ఆటగాడు. అంటే పన్నెండు మంది పేర్లు రాయాలి గనక రాసిన పేరు. ఇరవై రెండేళ్ళవాడు, పోర్టులో ఓడలకు దారి చూపే పైలట్ బోటు మీద పని. డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు. బంతిని నెత్తి మీద నుంచి కాకుండా, వల విసిరినట్టు నడుము పక్క నుంచి విసిరేవాడు. ఆ విసురు చూసి రమ్జీ మొదట్లో నవ్వి, తర్వాత విసుక్కుని, చివరికి వదిలేశాడు. ఆ రోజు ఆ పక్కవాటు విసురును ఎలా అడ్డుకోవాలో దుబాయ్ వాళ్ళకు అంతుపట్టలేదు. మిగిలిన సగం ఆటలో ఖమీస్ ఇరవై ఏడు పాయింట్లు వేశాడు. జట్టు గెలిచింది. మెట్ల మీద ఉన్న నలభై మందీ నాలుగు వందల మందిలా అరిచారు.

తర్వాతి ఆటలోనూ అంతే. ఆ తర్వాతా అంతే. సీజను సగం ముగిసినప్పుడు ఒక అరబ్బీ పత్రిక, ఆ ఏడు ఆశ్చర్యపరిచిన ఆటగాళ్ళ పేర్లు ఒక వరసలో, నిరాశపరిచిన వాళ్ళ పేర్లు ఇంకో వరసలో వేసింది. క్లబ్ బస్సు నడిపే గులాం మొహిద్దీన్‌ది జగిత్యాల. ఉర్దూ చదువుకున్నవాడు కాబట్టి అరబ్బీ అక్షరాలు కూడబలుక్కోగలడు. బస్సు మెట్టు మీద కూర్చుని భోజన్నకు చదివి చెప్పాడు.

"చూడు భోజన్నా, మనోళ్ళు ఇద్దరున్నరు. గీడ ఖమీస్, గాడ లెస్టర్."

"ఏం రాసిండ్రు?"

"ఖమీస్‌ను సముద్రంల దొరికిన ముత్యం అన్నరు. లెస్టర్‌ను... ఏముంది, ఎండిన ఒంటె అన్నట్టు రాసిండ్రు."

ఆ రెండు పేర్ల వాళ్ళ కాళ్ళూ అంతకు ముందు సాయంత్రమే అతని చేతుల కింద ఉన్నాయి.

జనవరిలో లెస్టర్‌ను పంపించేశారు. వీడ్కోలుకు ఎవరూ రాలేదు. మొహిద్దీన్ బండి తీశాడు. సామాను ఎత్తడానికని భోజన్నను కూడా వెంట పంపారు. మసాఫీ దాటి కొండల మధ్య బండి పోతుంటే, వెనక సీటులో కాళ్ళు చాపుకుని అడ్డంగా కూర్చున్న లెస్టర్ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మొహిద్దీన్ ఇదివరకు ఇంగ్లీషువాళ్ళ క్యాంపులో బండి నడిపినవాడు. కొంత దూరం పోయాక భోజన్న వైపు తిరిగాడు.

"నువ్వు ఎవ్వరికన్నా చెప్పినవా అని అడుగుతుండు."

"లేదని చెప్పు. చెప్పొద్దన్నడు, చెప్పలే."

మొహిద్దీన్ ఆ మాట చేరవేశాడు. లెస్టర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా జవాబిచ్చాడు. కోపం లేదు, బాధపడుతున్నట్టు కూడా లేదు, బాగా అలసిపోయినట్టున్నాడు.

"ఏమంటుండు?"

"నువ్వు చెప్పుంటెనే మంచిగుంటుండె అంటుండు. కుంటోడు అనిపించుకుంటె మనిషికి సిగ్గు లేదట. దొంగ అనిపించుకున్నంక ఇల్లు ఎట్ల పోవాల్నో తెలుస్తలేదట."

బండి కొండలు దిగి ధైద్ ఊరు దాటింది. ఎయిర్‌పోర్టులో భోజన్న రెండు బ్యాగులు దింపాడు. లెస్టర్ అతని చేతులు రెండూ పట్టుకుని, అరచేతులు తిప్పి చూసి, వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. కుడికాలు ఈడుస్తున్నాడు. ఇక దాచవలసిన అవసరం లేదు కదా.

ఆ తర్వాత జట్టు భారమంతా ఖమీస్ మీద పడింది. రమ్జీ అతన్ని ఒక్క నిమిషం కూడా కూర్చోనివ్వలేదు. ముదీర్ పోర్టుకు ఫోన్ చేసి అతని డ్యూటీ మార్పించాడు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అభ్యాసం. రెండుసార్లూ అదే సిమెంటు నేల మీద ఎగరడం, దిగడం. ఖమీస్ ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడు. బజారులో అతను టీ తాగితే డబ్బులు తీసుకోవడం మానేశారు. అతని తల్లి పండగరోజున క్లబ్బుకు పెద్ద గిన్నెతో గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించిన హరీస్ పంపింది. మొహిద్దీన్, భోజన్న కూడా తిన్నారు.

మార్చి మొదటి వారం. ఇక ఒక్క ఆట మిగిలింది, శుక్రవారం నాడు, షార్జా జట్టుతో. గెలిస్తే జట్టు మొదటి డివిజన్‌లో నిలుస్తుంది. ఓడితే కిందికి.

మంగళవారం సాయంత్రం ఖమీస్ బల్ల మీద పడుకుని, ఎడమకాలు చాపాడు. పిక్కకు నూనె రాస్తుంటే భోజన్న బొటనవేలు ముందువైపు ఎముక మీదుగా కిందికి జారింది. మోకాలికి జానెడు కింద ఒకచోట ఖమీస్ ఉలిక్కిపడ్డాడు. భోజన్న ఆగి, మళ్ళీ పై నుంచి మొదలుపెట్టాడు. సరిగ్గా అదే చోట, వేలికొన పట్టేంత మేర, మళ్ళీ ఉలిక్కిపడ్డాడు. ఎముక అంచు అక్కడ కొద్దిగా ఉబ్బి వెచ్చగా ఉంది.

"ఎప్పటి నుంచి?" భోజన్న హిందీలో అడిగాడు.

"నెల అయ్యుంటుంది. ఆడుతుంటే పోతుంది, పడుకుంటే వస్తుంది. నువ్వు గట్టిగా రాయి, యల్లా, కానీ."

"లేచి, ఈ కాలు ఒక్కదాని మీద ఎగురు."

ఖమీస్ నవ్వుతూ లేచి ఎగిరాడు. మొదటిసారి నవ్వుతూనే దిగాడు. రెండోసారి దిగేటప్పుడు దవడ బిగుసుకుంది. మూడోసారి ఎగరలేదు.

భోజన్నకు ఊళ్ళో మల్లాగౌడ్ గుర్తుకొచ్చాడు. కల్లుకు తాళ్ళెక్కే మనిషి. ఇలాగే కాలి ఎముక మీద ఒకచోట నొప్పి అని వస్తే, నెల రోజులు చెట్టు ఎక్కొద్దన్నాడు భోజన్న తండ్రి. గౌడ్ వినలేదు. పదో రోజున చెట్టు దిగుతూ ఆఖరి మూరలో కాలు నేల మీద ఆనించగానే ఎముక పుటుక్కుమంది. కట్టు కడుతూ తండ్రి అన్న మాట భోజన్న మరిచిపోలేదు. "బొక్క ఒక్కసారే ఇరగదు బిడ్డా. ముందుగాల మొర పెట్టుకుంటది. ఇనేటోడు ఉండాలె."

ఆ సాయంత్రం అతను మొహిద్దీన్‌కు సంగతి చెప్పాడు. మొహిద్దీన్ బస్సు చక్రాలకు నీళ్ళు కొడుతున్నాడు. పైపు కింద పడేశాడు.

"నీకెందుకు బై గా లొల్లి? శుక్రవారం దాక మూడు దినాలు. ఆట అయినంక చెప్పు."

"ఆటలనే ఇరుగుతె?"

"ఇరుగుతదని రాసిపెట్టి ఉన్నదా?"

"లేదు."

"మరి? నీ వీసా ముదీర్ చేతుల ఉంది. ఆట ఓడితె ఎవని మీద పడ్తరు వీళ్ళు? పోరని మీద పడరు. కోచ్ మీద, నీ మీద."

భోజన్న చాలాసేపు బస్సు నీడలో కూర్చున్నాడు. మొహిద్దీన్ మాటలో తప్పేమీ కనబడలేదు. లెస్టర్ విషయంలో నోరు మూసుకున్నందుకు తనకు ఏ నష్టమూ రాలేదు. నోరు మూసుకోవడం ఎంత సులువో ఆ మూడు నెలల్లో తెలిసింది. కానీ బండి వెనక సీటులో నుంచి వచ్చిన ఆ మాటలు కూడా అతనికి గుర్తున్నాయి. లేచి, చేతులు కడుక్కుని, కోచ్ గదికి వెళ్ళాడు.

రమ్జీ అంతా విని తల పట్టుకున్నాడు. మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరూ ముదీర్ ముందు నిలబడ్డారు. ఖమీస్‌ను కూడా పిలిపించారు.

"నువ్వు డాక్టరువా?" అన్నాడు ముదీర్.

"కాదు సాబ్. ఫొటో తీయించండి."

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి, ఎముకలో ఏమీ కనబడటం లేదన్నాడు. నొప్పి ఉంటే కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వడం మంచిదనీ, ఇలాంటివి ఒక్కోసారి మొదట్లో ఫొటోకు అందవనీ కూడా అన్నాడు. ముదీర్ ఆ రెండో మాట వినిపించుకోలేదు.

"విన్నావా? ఏమీ లేదు. ఖలాస్!" అన్నాడు. "చీపురు పట్టుకునేవాడు ఎముకల గురించి మాట్లాడతాడు, నేను విని ఆసుపత్రికి వస్తాను. నాకు సిగ్గు లేదు."

ఖమీస్ ముఖంలో ఆ రోజు నవ్వు లేదు. వరండాలో భోజన్నను ఆపాడు. "నాకు చెప్పకుండా వాళ్ళకు ఎందుకు చెప్పావు? కాలు నాది."

"నీకు చెప్తే ఆగేవాడివా?"

ఖమీస్ వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం మెట్లు నిండిపోయాయి. పికప్‌లు మళ్ళీ వచ్చాయి. రమ్జీ ఐదుగురి పేర్లు చదివాడు. అందులో ఖమీస్ లేడు. జనం కోచ్ మరిచిపోయాడనుకున్నారు. ముదీర్ బెంచీ దాకా వచ్చి చెవిలో అరిచాడు. రమ్జీ మాట మార్చలేదు. "ఇదివరకు కైరోలో ఇలాగే ఒక పిల్లవాణ్ణి ఆడించాను. ఇక నావల్ల కాదు," అని మాత్రం అన్నాడు. ఖమీస్ బెంచీ చివర, మొదట్లో కూర్చున్న చోటే, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆట చివరి ఐదు నిమిషాల్లో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు లేచి కోచ్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. రమ్జీ అతని వైపు చూడలేదు.

నాలుగు పాయింట్లతో ఓడారు.

జనం కాగితం గ్లాసులు కోర్టు మీదికి విసిరి వెళ్ళిపోయారు. భోజన్న చీపురు తెచ్చుకుని వాటిని ఊడవడం మొదలుపెట్టాడు. ఎవరో అతన్ని చూపించి ఏదో అన్నారు. అతను తల ఎత్తలేదు.

వారం తిరగకముందే రమ్జీని తీసేశారు. మాలిష్ గదికి తాళం పడింది. భోజన్నను ఫుట్‌బాల్ మైదానానికి నీళ్ళు పట్టే పనికి మార్చారు. వీసా మాత్రం తియ్యలేదు. ఎండాకాలంలో ఆ పనికి ఇంకో మనిషి దొరకడు మరి.

నాలుగు వారాల తర్వాత, ఏప్రిల్‌లో, ఖమీస్ మైదానానికి వచ్చాడు. భోజన్న పైపు పట్టుకుని గోలు పక్కన నిలబడి ఉన్నాడు. ఖమీస్ చేతిలో పెద్ద గోధుమరంగు కవరు ఉంది. అందులోంచి ఎక్స్‌రే తీసి ఎండకు ఎదురుగా పట్టుకున్నాడు. ఎముక అంచున, మోకాలికి జానెడు కింద, తెల్లటి ముడి కట్టినట్టు ఉంది. దాని మధ్య వెంట్రుకంత గీత.

"నిన్న మళ్ళీ తీశారు. పగులు ఉందట. ఇప్పుడు అతుక్కుంటోందట. అప్పుడు ఫొటోకు కనబడలేదట."

భోజన్న చూసి, తిరిగి ఇచ్చేశాడు. ఖమీస్ దాన్ని కవరులో పెట్టాడు. భోజన్న పైపును ఇంకో వైపు గడ్డి మీదికి తిప్పాడు.

"అయినా నాకు ఒకటే అనిపిస్తుంది," అన్నాడు ఖమీస్. "ఒక్క ఆట. ఈ కాలు ఒక్క ఆటకు ఆగేదేమో. ఆగితే గెలిచేవాళ్ళం. రమ్జీ ఉండేవాడు. నువ్వూ ఆ గదిలో ఉండేవాడివి."

భోజన్న ఆలోచించాడు. అవునో కాదో ఏదో ఒకటి చెప్పి కుర్రవాడికి మనశ్శాంతి కలిగించాలని ఉంది. కానీ చేతులకు తెలిసినంతే నోటితో అనడం అలవాటు చేసుకోవాలని అతను ఈ మధ్యే అనుకున్నాడు.

"ఆగేదేమో," అన్నాడు. "నాకు తెలియదు."

ఖమీస్ తలూపాడు. థాంక్స్ చెప్పలేదు, తిట్టలేదు. ఎడమకాలి మీద బరువు వెయ్యకుండా మెల్లగా నడిచి వెళ్ళాడు.

ఆ ఏడు చలికాలంలో జట్టు కింది డివిజన్‌లో ఆడింది. విదేశీ ఆటగాడు లేడు. కొత్త కోచ్ వచ్చి ఖమీస్ విసురు మార్చాడు. అందరిలాగే నెత్తి మీద నుంచి విసరడం నేర్పాడు. ఆటకు ఎనిమిది పాయింట్లు వేసేవాడు, ఒక్కోసారి పది. ఒక సాయంత్రం పనయ్యాక భోజన్న, మొహిద్దీన్ పై మెట్టు మీద కూర్చుని చూస్తున్నారు. మొత్తం ముప్పై మంది ఉంటారు.

"పోరడు మునుపటి లెక్క ఆడుతలేడు," అన్నాడు మొహిద్దీన్. "గప్పుడు ఏముండె! నువ్వు చెప్పకపోయుంటె ఏమైతుండెనో."

"నాకూ గదే సమజైతలేదు."

కింద ఖమీస్ విసిరిన బంతి రింగు అంచుకు తగిలి బయట పడింది. అవతలి జట్టువాడు దాన్ని అందుకుని పరుగెత్తాడు. ఖమీస్ వెనక్కి తిరిగి, అతని వెంట కోర్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉరికాడు. చివర్లో ఎగిరి, చెయ్యి అడ్డం పెట్టి, ఎడమకాలి మీదే దిగి, మళ్ళీ లేచాడు.

"ఉరుకుతుండు గదా," అన్నాడు భోజన్న. "నొప్పి లేకుండ ఉరుకుతుండు."

సగం ఆట మిగిలి ఉంది. పొద్దున ఐదింటికి మైదానానికి నీళ్ళు పట్టాలి. భోజన్న మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, మెట్లు దిగాడు.